మంగళలో నీళ్ళు లేవు

గోపాల్‌పూర్ నుంచి బరంపురానికి ఆటోలు చాలా తిరుగుతాయి. ఎక్కినవాళ్ళని నవ్వించి దింపే ఆటో మాత్రం నాదొక్కటే అని నా గొప్ప. బడి మధ్యలోనే మానేశాను. తప్పు బడిదేనని ఇప్పటికీ వాదిస్తాను. పొద్దున్నే మా పేట ఆడవాళ్ళు చేపల బుట్టలతో ఎక్కి బరంపురం బజారు దగ్గర దిగుతారు. దారి పొడుగునా ఇంజను ఆగినా ఆగుతుందేమో గానీ నా నోరు ఆగదు.

చదువు అబ్బలేదు గానీ నాకొక పిచ్చి ఉంది. ఆకాశంలో ఆ ఎర్ర గ్రహం మీద, మనిషి లేకుండా తిరిగే బండి తీసి పంపే ఫోటోలు చూడడం. బేరం లేనప్పుడు ఫోన్లో వాటిని వేళ్ళతో పెద్దవి చేసుకుంటూ కూర్చుంటాను. మనకి ఇసుక తెల్లన, మునిగే పొద్దు ఎర్రన. అక్కడ ఇసుక ఎర్రన, మునిగే పొద్దు నీలం. రంగుల డబ్బాలు ఎవరో తారుమారు చేసినట్టు ఉంటుంది. ఆంధ్రా వైపు చదువుకున్నవాళ్ళు దాన్ని అంగారకుడు అంటారట. మేం ఒడిశాలో ఉండి వార్తలన్నీ ఒడియాలో వినేవాళ్ళం కదా, మాకది మంగళ. అందరికీ అది అంగారకుడే అయి ఉంటే నేనింత పని చేసేవాణ్ణి కాదు.

ఆ రోజు పెట్రోలు బంకు దగ్గర లైనులో ఆగాం. వెనక సీట్లో మా పిన్ని ఉంది, మా అమ్మ చెల్లెలు. ఆమె ఒక్కగానొక్క కొడుకు కొత్తగా బోటు పనికి మంగళూరు వెళ్ళాడు. నేను ఫోను వెనక్కి తిప్పి చూపించాను.

"సూడే పిన్నీ, మంగళ ఫోటో వచ్చింది."

"మంగళూరా? ఏదీ, ఇలా తే!"

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు అప్పటికే కొంగులు నోటికి అడ్డం పెట్టుకుంటున్నారు. నవ్వు ఊరికే వస్తుంటే ఒదులుకునే రకం కాదు నేను.

"ఆఁ, మంగళూరే. నీ గుంటడు ఉన్నది అక్కడే."

పిన్ని ఫోను దగ్గరగా పెట్టుకుంది. "నీల్లేవిరా?"

"ఎండిపోనాయి."

"మరి బోటెలాగ నడుపుతారు?"

"సక్రాలు పెట్టేసినారు. జాడలు కనిపిస్తన్నాయి కదా!"

ఆటో ఊగేటట్టు నవ్వారు అందరూ. పిన్ని మాత్రం నవ్వలేదు. పుట్టినప్పటినుంచి ఇసుక మీద నడిచిన మనిషి, ఆ జాడల్నే చూస్తోంది.

"బండి ఎల్లింది. మనిసి అడుగు ఒక్కటీ నేదేట్రా?"

ఫోను తీసుకుని బండి ముందుకి పోనిచ్చాను. బజారు దగ్గర దిగేటప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఇంత చిన్న హాస్యం ఆమెకి తెలియకపోతుందా అనుకున్నాను.

మర్నాటి నుంచి ఆమె మాట తగ్గింది. "గుంటడికి ఫోను తగల్డం నేదురా" అంది ఒకసారి. బోటు సముద్రం లోపలికి వెళితే ఫోను అందదని మా పేటలో పిల్లలకి కూడా తెలుసు. ఆమెకీ తెలుసు. కానీ ఆమె కళ్ళల్లో ఇప్పుడు సముద్రం లేదు, నేను పెట్టిన ఇసుక ఉంది. ఆ వారంలోనే బోటు ఒడ్డుకి వస్తుందని నాకు తెలుసు, ఆ ముక్క అయినా చెప్పొచ్చు. నేనేమన్నానంటే, "అక్కడ సిగ్నలు కష్టమే పిన్నీ." మళ్ళీ అందరూ నవ్వారు.

ఆ తరవాత ఒక పొద్దున ఆమె బుట్ట లేకుండా వచ్చింది. చంకలో బట్టల సంచి, చేతిలో మూత బిగించిన పెద్ద నీళ్ళ డబ్బా. తోటి ఆడవాళ్ళ కోసం ఆగలేదు.

"టేసన్‌కి ఎల్లు."

"ఎక్కడికే?"

"మంగళూరు. గుంటడికి నీల్లు పట్టుకెల్తన్నాను."

బండి తీశాను. ప్రతి గతుకు దగ్గరా వెనక డబ్బాలో నీళ్ళు కదులుతున్నాయి. బస్సు హారనులో కూడా నాకు ఆ చప్పుడే వినిపించింది. ఎక్కడా ఆపకుండా పోతే రైలు ఎక్కించేసేవాణ్ణేమో, చెప్పలేను. హైవే వంతెన దగ్గర పక్కకి తీసి ఆపాను.

"పిన్నీ, నాను ఎకసెక్కానికి సెప్పినాను. ఆ ఫోటో మంగళూరుది కాదు."

"మరెక్కడిది?"

"మంగళ అంటే ఆకాశంలో..."

పూర్తి చెయ్యనివ్వలేదు. ఆమె ముఖం చూశాను, నేనేం చెప్పానో అప్పుడు అర్థమయింది.

"ఆకాశంలోనా? నా కొడుకు ఆకాశంలో ఉన్నాడా? అందరికీ తెలిసే నవ్వినారేట్రా!"

నడిరోడ్డు పక్కన గుండెలు బాదుకుంటోంది. కాదు కాదు అంటున్నాను, ఆమెకి వినపడదు. నిజం చెప్పడం నాకు బొత్తిగా అలవాటు లేని పని. ఆమె కొడుకు నంబరు నొక్కాను. అందలేదు. మళ్ళీ నొక్కాను. ఇంకోసారి నొక్కాను, మోగింది.

"ఏటన్నియ్యా, పొద్దున్నే? ఇప్పుడే ఒడ్డుకొచ్చినాం."

ఫోను ఆమె చెవికి పెట్టాను.

"ఒరే బావూ, నీల్లున్నాయేట్రా అక్కడ?"

"నీల్లేటమ్మా, వాన దంచేస్తంది! గుడిసెలో మోకాలు లోతు."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. తిన్నావా, తల తుడుసుకో అని ఏవేవో చెప్పింది. ఫోను నాకు ఇచ్చేసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తిడుతుందని నిలబడ్డాను. తిడితే బాగుండేది.

"అయితే ఆ ఫోటోలో జాడల బండి నిజంగా ఆకాశంలో ఉన్నాదా?"

"ఉన్నాది పిన్నీ."

"ఎవులూ నేరా దానికి?"

"ఎవులూ నేరు."

"మరి ఫోటోలు ఎలాగొస్తన్నాయి?"

"అదే పంపుతాది, రోజూ."

"సూడు మరి! అంత దూరం నుంచి బండి రోజూ కబురెడతంది. నా కొడుక్కి ఆ పాటి బుద్ది నేదు."

నా ఆటోలో ఎవరైనా వేసిన జోకుల్లోకెల్లా అదే గొప్పది. నేను నవ్వలేకపోయాను. ఆమె నా ముఖం చూసి డబ్బా మూత తీసింది.

"నోరెండిపోనాది నీకు. తాగు."

వాడి కోసం తెచ్చిన నీళ్ళు. వద్దన్నాను. "తాగరా" అంది. దోసిలి పట్టాను. ఆమె వంచి పోసింది. సగం లోపలికి, సగం చొక్కా మీదికి పోయాయి. తరవాత బండి ఇంటివైపు తిప్పాను. మిగిలిన నీళ్ళు గోపాల్‌పూర్ దాకా నా వెనక కదులుతూనే ఉన్నాయి.