చిల్లుకుండ కింద వంతు

నా చిన్నప్పుడు బలపం నా చేతికి అందకపోవడానికి కారణం మా తాతయ్య కుడిచెయ్యి. ఇది ఆయన మీద ఫిర్యాదు కాదు, జరిగింది చెబుతున్నాను. నన్ను బడిలో వేద్దామనుకున్న ఏడాదే ఆయనకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. నాన్న చీకటితోనే పొలానికి వెళ్ళేవాడు. అమ్మకు పాడీ వంటా సరిపోయేవి. మంచినీళ్ళు అందించడానికీ, జారిన పంచె సర్దడానికీ, ఈగలు తోలడానికీ నేను ఆయన మంచం పక్కన ఉండిపోయాను. ఆయన పోయేసరికి నా ఈడు పిల్లలు చాలా తరగతులు దాటిపోయారు. పసిపిల్లల మధ్య కూర్చోవడానికి సిగ్గుపడి, ఇక బడికి వెళ్ళనని నేనే అన్నాను.

ఆ తర్వాత పెళ్ళి, సంసారం. చదువు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఎన్నో ఏళ్ళకు, మనవరాలికి అక్షరాలు దిద్దిస్తున్న మా కోడలు ఒకరోజు ఇంకో పలక తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "మీరూ దిద్దండి అత్తయ్యా, పోటీ ఉంటేగానీ ఇది బుద్ధిగా కూర్చోదు" అంది. మనవరాలికి తోడుగా కూర్చుంటున్నాననే అనుకున్నాను. ఆ పిల్ల గుణింతాలు దాటేసరికి నేనూ దాటేశాను. ఆ అక్షరాలతోనే ఇది రాస్తున్నాను.

మాది కర్లపాలెం దగ్గర పల్లె. తాతయ్యను బాపట్ల తీసుకెళ్ళి చూపించారు. మందులు వాడాక మాట తేరుకుంది, కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలిగాడు. చెయ్యి మాత్రం తిరిగి రాలేదు. అన్నం పెద్ద చెంచాతో తినడం అలవాటు చేసుకున్నాడు. ఆయనకు కష్టమంతా స్నానం దగ్గర వచ్చింది.

పెరట్లో తాటాకుల దడి చాటున నాపరాయి పరిచి ఉండేది. మగవాళ్ళు దాని మీద గొంతుక్కూర్చుని చెంబుతో నీళ్ళు పోసుకునేవారు. తాతయ్య గొంతుక్కూర్చోలేడు. చెంబు పట్టడానికి మిగిలింది ఎడమ చెయ్యి. ఆ చేత్తో నెత్తిన నీళ్ళు పోసుకోవడం ఆయనకు చచ్చినంత పని. "ఎడం చేత్తో నెత్తిన పోసుకోమంటావట్రా, నేనింకా బతికే ఉన్నాను" అనేవాడు. అమ్మ పోస్తానంటే ముఖం తిప్పుకునేవాడు. నాన్న పోస్తే కొన్నాళ్ళు ఓర్చుకున్నాడు. నాన్నకు పొలం తొందర. గబగబా రెండు బిందెలు కుమ్మరించి, పీచుతో ఒళ్ళంతా తోమి, తుడిచి వెళ్ళిపోయేవాడు. "కాలవలో గేదెని కడిగినట్టు కడుగుతున్నాడు నన్ను" అని తాతయ్య నాతో అనేవాడు. నేను నవ్వేదాన్ని. ఆయన నవ్వేవాడు కాదు.

చివరికి స్నానమే మానేశాడు. ఒంట్లో బాగాలేదనీ, జలుబనీ రోజుకో మాట చెప్పేవాడు. అమ్మ బతిమాలింది, నాన్న కోప్పడ్డాడు. ఆయన మంచం పక్కన వాసన మొదలైంది. పలకరించడానికి వచ్చేవాళ్ళు కాస్త దూరంగా కూర్చోవడం నేను చూశాను. తాతయ్యా చూసినట్టున్నాడు, తన మంచాన్ని వసారా చివరకు లాగించుకున్నాడు. మనిషి మాట్లాడటం కూడా తగ్గించేశాడు.

ఆ ఎండాకాలం మా మేనత్త నందివెలుగు నుంచి వచ్చింది. తాతయ్యకు పెద్ద కూతురు, ఇల్లంతా వినపడేలా మాట్లాడే మనిషి. రాగానే తండ్రి మంచం పట్టె మీదే కూర్చుని మామిడిపండ్ల కబుర్లు చెప్పింది. స్నానం మాట ఎత్తలేదు. మధ్యాహ్నం నన్ను పెరట్లోకి పిలిచి, తువ్వాలు చేతికిచ్చి, తన కుడిచెయ్యిని నడుముకు కట్టెయ్యమంది. నేను బిగించి కట్టాను. అలాగే చీర మీదే ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, ఎడమ చేత్తో చెంబు ఎత్తింది. నీళ్ళు నెత్తిన పడకుండా వీపు వెనక పడ్డాయి. ఇంకో చెంబుకు వంగితే పీట ఒరిగి మనిషి నాపరాయి మీద చతికిలబడింది. అమ్మ గుమ్మంలోంచి చూసి, "ఇదేం ఆట వదినా ఈ వయసులో!" అని నవ్వింది.

"ఆట కాదే, మీ మావగారి ఒంట్లో కాసేపు కూర్చుని చూస్తున్నా" అంది మేనత్త, కింద నుంచి లేవకుండానే.

ఆ కాసేపట్లో ఆమెకు చాలా తెలిశాయి. పీట కదలకూడదు. లేచేటప్పుడు పట్టుకోవడానికి ఎడమవైపు ఏదో ఉండాలి. ఎడమ చెయ్యి ఒళ్ళంతా రుద్దగలదు కానీ తనను తాను రుద్దుకోలేదు. ఇటుకలు పేర్చి మట్టి మెత్తి, పైన నాపరాయి వేసి అరుగు కట్టించింది. ఎడమవైపు గుంజ పాతించింది. ఆ గుంజకు బీరపీచు కట్టింది, దానికేసి చెయ్యి రుద్దుకోవచ్చని. ఇక మిగిలింది నీళ్ళు.

ఎండాకాలమంతా మా తులసికోట మీద ఒక చిల్లుకుండ వేలాడేది, చుక్కచుక్కగా నీళ్ళు పడేలా. మేనత్త దాన్ని చూస్తూ కాసేపు నిలబడింది. మర్నాటికి పెద్ద కుండ ఒకటి తెప్పించి, అడుగున చిల్లులు పొడిపించి, దడి పైన అడ్డంగా వేయించిన వాసానికి కట్టించింది. చిల్లుల మీద లోపలి నుంచి గుడ్డ చుట్టిన బిళ్ళరాయి మూతలా కూర్చునేది. దానికి కట్టిన తాడు వాసం మీదుగా కిందికి వేలాడేది. తాడు లాగితే రాయి లేచి నీళ్ళు జల్లుగా పడేవి, వదిలితే ఆగేవి. నీళ్ళు పోసేది కుండ, చెయ్యి కాదు.

ఇంకెవరైనా అయితే అక్కడితో తాతయ్యను పిలిచి, నీ కోసం చేయించాం రా అనేవారు. మేనత్త పిలవలేదు. ముందు తను స్నానం చేసి, తల తుడుచుకుంటూ వచ్చి, "అబ్బ, ఏం సుఖంగా ఉందే!" అంది వసారా అంతా వినపడేలా. ఆ సాయంత్రం మమ్మల్ని, పక్కింటి పిల్లల్ని వదిలింది. మాకు అంతకంటే వింత ఏముంది! నేను ముందంటే నేను ముందని కొట్టుకున్నాం. మర్నాడు మళ్ళీ అదే గొడవ. నాన్న కూడా పొలం నుంచి వచ్చి, మమ్మల్ని పక్కకు నెట్టి దాని కింద కూర్చున్నాడు.

తాతయ్య అంతా మంచం మీద నుంచి విన్నాడు. మూడో పూట కర్ర తాటించి నన్ను పిలిచి, చిన్నబుచ్చుకున్న గొంతుతో, "ఏమే, ఇంట్లో అందరికీ వంతులున్నాయి, నా వంతెప్పుడు?" అన్నాడు.

నేను మేనత్త వైపు చూశాను. ఆమె బియ్యం చెరుగుతూ తలెత్తకుండా, "వెళ్ళు నాన్నా, పిల్లలు చొరబడకముందే వెళ్ళు. తొందరగా వచ్చెయ్యాలి మరి, నేనింకా పోసుకోలేదు" అంది.

ఆయన తొందరగా రాలేదు. దడి అవతల జల్లు పడటం, ఆగడం, మళ్ళీ పడటం చాలాసేపు వినిపించింది. మధ్యలో గుంజకు చెయ్యి రుద్దుకుంటున్న చప్పుడు. "ఒసేయ్ పిల్లా, ఇప్పుడు నిజంగానే గేదెనయ్యానే!" అని అరిచి తనే పెద్దగా నవ్వాడు. చెరిగిన బియ్యాన్నే మేనత్త మళ్ళీ మళ్ళీ చెరుగుతూ కూర్చుంది. సాయంత్రం తాతయ్య తన మంచం మళ్ళీ వసారా మధ్యకు వేయించుకున్నాడు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి మా వియ్యపురాలు కారణం.

ఇప్పుడు మేం ఉండేది తెనాలి. మా అబ్బాయి ఇంట్లో స్నానాల గదులు రెండూ మేడ మీదే. కింద మెట్ల పక్కన, వచ్చేపోయేవాళ్ళ కోసం కట్టిన చిన్న గదిలో కమోడు, చేతులు కడుక్కునే సింకు, అంతే. మా కోడలి తల్లిని నేను వదినగారనే పిలుస్తాను. ఆవిడ రేపల్లెలో ఒక్కతే ఉండేది. పెరటి మెట్ల మీద జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక మా కోడలు తీసుకొచ్చి హాల్లో మంచం వేసింది. వాకరు పట్టుకుని నడవొచ్చు కానీ మెట్లు ఎక్కకూడదన్నారు. ఆవిడ ఆ చిన్న గదిలో తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుని సరిపెట్టుకునేది. కూతురు బకెట్టు తెచ్చి నీళ్ళు పోస్తానంటే, "ఆడపిల్లనిచ్చిన ఇంట్లో పడి ఉండటమే గాక, ఒళ్ళు కూడా కడిగించుకోమంటావటే?" అంది. ఆదివారం రేపల్లె వెళ్ళిపోతానని బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది. వెళితే మళ్ళీ అవే మెట్లు. మా కోడలు వంటింట్లో కళ్ళు తుడుచుకోవడం చూశాను.

మా అబ్బాయి మేస్త్రీని పిలిపించాడు. సింకు హాల్లోకి మార్చి, ఆ జాగాలో షవర్ పెడతామన్నారు. నీళ్ళు పారకుండా మధ్యలో గట్టు, కింద మెరిసే టైల్స్. చెప్పినదంతా బాగానే ఉంది. నాకు మాత్రం నడుముకు కట్టేసిన చెయ్యి గుర్తొచ్చింది. లేచి వెళ్ళి వదినగారి వాకరు తీసుకున్నాను. ఒక కాలు బిగపట్టుకుని చిన్న గదిలోకి నడిచాను. తలుపు లోపలికి తెరుచుకుని వాకరుకు అడ్డం పడింది. "అమ్మా, నీకేమైంది?" అని మా అబ్బాయి కంగారుపడ్డాడు.

మంచం మీద నుంచి వదినగారు అంతా చూస్తోంది. "అలా కాదండీ వదినగారూ! ముందు వాకరు, తర్వాత నొప్పికాలు. మీరు మరీ పరిగెడుతున్నారు" అంది. నేను మళ్ళీ వేశాను. "ఇప్పుడు కూర్చోండి చూద్దాం. ఆఁ, దేన్ని పట్టుకుని లేస్తారు? గాలినా?" అని నవ్వింది. మా ఇంటికొచ్చాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. ఆవిడ చెబుతూ ఉంటే నేను చేశాను, మేస్త్రీ గోడ మీద గుర్తులు పెట్టుకున్నాడు. తలుపు బయటికి తెరుచుకోవాలి. గట్టు వద్దు.

"గట్టు లేకపోతే నీళ్ళు హాల్లోకి వచ్చేస్తాయండి పెద్దమ్మగారూ" అన్నాడు మేస్త్రీ. కాసేపు నేలను చూసి, "అయితే వాలు బాగా ఇవ్వాలండి. కిందంతా పగలగొట్టాలి" అని తనే అన్నాడు. పగలగొట్టమన్నాం. పని అయ్యేదాకా ప్రయాణం ఆపమని బతిమాలి, వదినగారిని పక్కింటి అక్క వాళ్ళ కింది వాటాలో ఉంచి, నేనూ తోడు పడుకున్నాను.

గరుకు టైల్స్, గోడకు స్టీలు రాడ్లు, కూర్చునే బల్ల, కూర్చున్నచోటి నుంచే అందే చేతి షవర్, అన్నీ అమిరాయి. సాయంత్రం వదినగారిని తీసుకొచ్చి చూపించాం. నవ్వుతూ అవన్నీ చెప్పిన మనిషే గుమ్మం దగ్గర ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సంతోషంతో కాదు. "రోగిష్టిదాని కోసం ఇల్లు పగలగొట్టుకున్నారు వదినగారూ. నలుగురూ ఏమనుకుంటారు? నేను ఇందులో అడుగుపెట్టలేనండీ, ఏమీ అనుకోవద్దు" అంది. రేపల్లె ప్రయాణం మాట మళ్ళీ ఎత్తింది. మా అబ్బాయి ఏదో చెప్పబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. మేనత్త నాకిచ్చింది సగమే వాడాను. ఒకరి ఒంట్లో కూర్చుని చూడటం ఒక సగం. రెండో సగం ఇన్నేళ్ళూ నాలో ఉండి కూడా ఆ సాయంత్రం దాకా నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే నేను మేడ ఎక్కలేదు. నా చీర, తువ్వాలు, సబ్బుపెట్టె తీసుకుని అందరూ చూస్తుండగా కింది గదిలోకి వెళ్ళి, ఆ బల్ల మీద కూర్చుని తీరిగ్గా తలస్నానం చేశాను. తడితువ్వాలు రాడ్డు మీద ఆరేసి, సబ్బుపెట్టె అక్కడే వదిలి, తల తుడుచుకుంటూ వచ్చి, "అబ్బ, ఏం సుఖంగా ఉందో! ఈ మోకాళ్ళతో ఇక నేను మేడెక్కను" అన్నాను గట్టిగా. మా మనవరాలు తువ్వాలు భుజాన వేసుకుని, "తర్వాత నేనే!" అంటూ మెట్లు దిగి వచ్చింది.

"నువ్వాగు, పెద్దవాళ్ళు పోసుకున్నాక నీ వంతు" అని దాన్ని కూర్చోబెట్టాను. వదినగారి వైపు చూడకుండా, "వేడినీళ్ళున్నాయి వదినగారూ. తొందరగా రండి, లేకపోతే ఈ పిల్ల చొరబడిపోతుంది" అన్నాను.

తర్వాత కుర్చీని ఆ తలుపుకు వీపు వచ్చేలా తిప్పుకుని, జుట్టు ఆరబోసుకుంటూ కూర్చున్నాను. చాలాసేపటికి నా వెనక వాకరు కదిలిన చప్పుడైంది. ముందు వాకరు, తర్వాత నొప్పికాలు. నేను తిరిగి చూడలేదు.