మామూలుగా సేవ్ చేసేయండి

మాస్టారికి మాస్టారన్న పేరు ఏ బడీ ఇవ్వలేదు. ఎనిమిది నెలల క్రితం ఆయన పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు లోపలికి పిలిచి, నవ్వుతూ చెయ్యి కలిపి, రేపటినుంచి రానక్కర్లేదని చెప్పారు. ఆయన ఇంటికొచ్చి, ఇక ప్రోగ్రామింగ్ రానివాళ్ళందరికీ ఆన్‌లైన్‌లో తానే నేర్పుతానని ప్రకటించారు. ఆ పూటే భార్య ఆ పేరు ఖాయం చేసింది. మాస్టారూ అని పిలిచేటప్పుడు ఆవిడ పెదవి ఒక పక్కకి వంకరపోయేది. అది ఆయన కంట పడలేదు.

వంటింటి పక్కనున్న సామాన్ల గదే బడి. గొంతు గింగురుమనకుండా గోడలకి పాత దుప్పట్లు కొట్టారు. మిక్సీ తిరిగినంతసేపూ రికార్డింగ్ ఆగాలి, రికార్డింగ్ సాగినంతసేపూ మిక్సీ ఆగాలి అని ఒప్పందం. ఎప్పుడూ మిక్సీదే పైచేయి. వీడియో మీద అతికించే ఫోటో కోసం నోరు తెరిచి, కళ్ళు ఇంతింత చేసి, చూపుడువేలు గాల్లోకి పెట్టి దిగడానికి మూడు రోజులు పట్టింది. మొదటి పాఠం మాత్రం ఒక మధ్యాహ్నం కునుకు తీసే ముందే అయిపోయింది.

అలా నలభై ఆరు పాఠాలు. ప్రతిదీ "ఇది చాలా సింపుల్" అనే మొదలవుతుంది. చూసేవాళ్ళు మాత్రం మొదటి పాఠంలోనే, నాలుగో నిమిషం దగ్గర టపటపా రాలిపోయేవారు. అదీ సరిగ్గా ఒకేచోట. ఎంతమంది చూస్తున్నారో చూపించే గీత అక్కడిదాకా బల్లపరుపుగా వచ్చి, బావిలో దూకినట్టు కిందికి పోయేది. ఈ తరానికి ఓపిక లేదని మాస్టారు తీర్పిచ్చేశారు. తన పాఠాన్ని తాను ఒక్కసారి చూసుకునే ఓపిక మాత్రం ఆయనకూ లేదు.

ఇంట్లో గడువు దగ్గరపడింది. ఈ నెలాఖరుకి ఏదీ తేలకపోతే బావమరిది టైల్స్ కొట్లో చేరాలి. ఆ మాట భార్య ఒక్కసారే, పప్పు కడుగుతూ, తల తిప్పకుండా చెప్పింది. తనకంటే పదేళ్ళు చిన్నవాడు, పదో తరగతి రెండుసార్లు తప్పినవాడు, వాడి కింద పని. మాస్టారు ఆ రాత్రి అన్నం సగం వదిలేశారు.

సరిగ్గా అప్పుడే ఆన్‌లైన్ కోర్సులు పెట్టే ఒక సంస్థ నుంచి ఎడిటరమ్మ ఫోన్ చేసింది. కోర్సు తీసుకుంటాం, నెలనెలా జీతమిస్తాం, ఒక్క చిన్న పరీక్ష ఉందంది. జన్మలో ఒక్క లైను కోడ్ రాయని మనిషి మొదటి పాఠం చూసి, తనంతట తాను ప్రోగ్రాం నడపాలి. మాస్టారు అదే గదిలో కూర్చోవచ్చు. నోరు మాత్రం విప్పకూడదు. అంతా వీడియో తీసి, ఎక్కడా కత్తిరించకుండా పంపాలి. ఒక్క మాట సాయం చేసినా పాఠం తప్పినట్టే.

ఇంతేనా అనుకున్నారు మాస్టారు. పై వాటాలో ఉన్న వదిన గుర్తొచ్చింది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే మనిషి. నెమ్మదస్తురాలు, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. ఇంతకంటే మంచి శిష్యురాలు దొరకదని ఆయన లెక్క. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషితోనే అసలు ప్రమాదమని ఆయనకు తట్టలేదు.

ఆదివారం పొద్దున కత్తిరింపుల బల్ల మీద బట్టలు పక్కకి తోసి లాప్‌టాప్ పెట్టారు. ఫోన్‌ని కుట్టుమిషను మీద నిలబెట్టి రికార్డింగ్ నొక్కారు. వదిన మెడలో టేపు, చెవి వెనక సుద్దముక్క. మాస్టారు వెనకాల స్టూలు మీద, చేతులు కట్టుకుని, ముందే గెలిచేసిన ముఖంతో కూర్చున్నారు.

మూడు నిమిషాలు బ్రహ్మాండంగా సాగింది. వదిన రెండు వేళ్ళతో ఒక్కో అక్షరమూ వెతికి కొట్టింది. కొటేషన్ గుర్తులు మర్చిపోలేదు, బ్రాకెట్ మూయడం మర్చిపోలేదు. నాలుగో నిమిషంలో తెరమీది మాస్టారు హుషారుగా అన్నారు: "ఇప్పుడు దీన్ని మామూలుగా సేవ్ చేసేసి, రన్ చేసేయండి. అంతే, సింపుల్!"

వదిన వీడియో ఆపింది. వెనక్కి జరిపి మళ్ళీ వింది. మూడోసారి కూడా విని, తెర నాలుగు మూలలా వెతికింది. పైన మెనూ తెరిస్తే సేవ్ అని ఒకటి, సేవ్ యాజ్ అని ఒకటి, సేవ్ ఆల్ అని మరొకటి ఉన్నాయి.

"ఇక్కడ మూడున్నాయి. వీటిలో మామూలుది ఏది?" అని తెరని అడిగింది.

వెనకాల మాస్టారు అరచేత్తో నోరు మూసుకున్నారు.

"మామూలుగా అంటే రోజూ చేసేలాగా అనేగా? నేను చేయడం ఇదే మొదలు. నాకు మామూలు ఎక్కడినుంచి వస్తుంది?" సుద్దముక్క తీసి బల్ల మీద టకటకలాడించింది. "లేకపోతే ఆఫీసుల్లోలాగా మామూలు సమర్పించుకుంటేగానీ కదలదా ఇది?"

మాస్టారు ఒకసారి దగ్గారు. ఇంకోసారి, కాస్త అర్థవంతంగా దగ్గారు. వదిన తిరక్కుండానే మంచినీళ్ళు తాగమంది. ఏదో ఒకటి నొక్కి చూస్తుందని ఆశపడ్డారు గానీ, ముప్ఫై ఏళ్ళుగా కొలత తెలియకుండా గుడ్డకి కత్తెర పెట్టని మనిషి అంచనా మీద నొక్కుతుందా? చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. ఐదు నిమిషాలు. పది. తెరమీది మాస్టారు నోరు తెరిచి, వేలు గాల్లో పెట్టి ఆగిపోయి ఉన్నారు. స్టూలు మీది మాస్టారికి కళ్ళ ముందు టైల్స్ పెట్టెలు కదిలాయి. ఆయన పదిహేనేళ్ళు కోడ్ రాశారు, ఒక్క పది నిమిషాలు ఊరుకోవడం చేతకాలేదు.

"మొదటిది నొక్కు వదినా, మొదటిది! పేరడుగుతుంది, ఏదో ఒక పేరు కొట్టి, చివర చుక్క పెట్టి పీ వై అని కొట్టు. తర్వాత పైన కుడిపక్క బాణం గుర్తు ఉంది చూడు, దాన్ని నొక్కు."

వదిన నొక్కింది. పేరు కొట్టింది. చుక్క పెట్టింది. బాణం నొక్కింది. కింద నల్లటి గడిలో హలో అని వచ్చింది. ఆవిడ దాన్ని కాసేపు చూసుకుని మురిసిపోయి, అప్పుడు తిరిగింది.

"ఈ ముక్కేదో ఆ వీడియోలోనే చెబితే నీ సొమ్మేం పోయిందయ్యా?"

మర్నాడు ఆ వీడియో చూసి ఎడిటరమ్మ ఫోన్ చేసింది. కోర్సు తీసుకోవడం లేదంది. మరీ మొహమాటం లేని మనిషి. "మీ పాఠం మొత్తంలో అర్థమయ్యేలా చెప్పింది మీరు నోరు జారిన ఆ రెండు ముక్కలేనండీ. అవి పాఠంలో లేవు" అని పెట్టేసింది.

మాస్టారు ఆ రోజంతా దుప్పట్ల గదిలో కూర్చుని తన నలభై ఆరు పాఠాలూ మొదటిసారి చూశారు. ఎన్నిసార్లు మామూలుగా అన్నారో కాగితం మీద గీతలు పెడుతూ వచ్చారు. పదో పాఠం దగ్గర కాగితం నిండిపోయింది. భార్య తలుపు తీసి చూసి, వెళ్ళి మిక్సీ వేసింది.

ఆ పై సోమవారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని టైల్స్ కొట్టుకి వెళ్ళారు. గోదాము నిండా పెట్టెలు. సైజులు వేరు, రంగులు వేరు, కొన్నిటిమీద బాణాలు, కొన్నిటిమీద అంకెలు, కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా. బావమరిది ఫోన్ చెవికి ఆనించుకుని, అటు వెళ్తూ వెళ్తూ ఇటు చెయ్యి ఊపాడు.

"ఆ కొత్త లోడు మామూలుగా సర్దేయండి బావగారూ."

మాస్టారు ఒక పెట్టె ఎత్తారు. చుట్టూ చూశారు. ఎత్తిన పెట్టెను ఎత్తినచోటే దించారు. చాలాసేపు నిలబడి, చివరికి పిలిచారు.

"మామూలుగా అంటే ఎలాగయ్యా?"

బావమరిది ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఈ మాత్రం తెలియదా అన్నట్టు నవ్వాడు.

"చాలా సింపుల్ బావగారూ."