సోమవారం రావలసిన బస్సు

మా ఇంటి వెనుక ఒక ప్రైవేటు బడి ఉంది. పొద్దున ప్రార్థన కాగానే మైకులో ఎవరో ఒక పిల్ల గడగడా వార్తలు చదివేస్తుంది. ఢిల్లీ సంగతులు, కరీంనగర్ సంగతులు, ఆటల సంగతులు, అన్నీ రెండు నిమిషాల్లో. నేను చాయ్ గ్లాసు పట్టుకుని వింటూ ఉండిపోతే, చల్లారిపోతోందని మా ఆవిడ లోపలి నుంచి గుర్తుచేస్తుంది. నా మనసు ఎక్కడికి పోయిందో ఆమెకు తెలుసు.

నాకు కొత్తగా నౌకరీ వచ్చిన రోజులవి. లక్సెట్టిపేట నుంచి ఎంతో లోపలికి, ఎడ్లబండో సైకిలో తప్ప మరొకటి పోని ఊళ్లో రెండు గదుల బడి, అందులో మా పెద్దసారు, నేను. ప్రార్థనలో రోజూ ఒక దేశ వార్త, ఒక ఊరి వార్త చెప్పడం నా పని. దేశ వార్తకు నా ట్రాన్సిస్టర్ ఉండేది. ఊరి వార్తలు పిల్లలే మోసుకొచ్చేవారు, ఫలానా వాళ్ల బర్రె ఈనిందనీ, వాగు పారిందనీ. నేను చెప్పినవి మళ్లీ ఇళ్లకు మోసుకుపోయేవారు. 'సార్ చెప్పిండు' అంటే ఇళ్లలో పెద్దవాళ్లు కూడా మారుమాట్లాడేవారు కాదు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా నా ఛాతీ ఉబ్బేది, ఇరవై రెండేళ్లవాణ్ణి మరి.

ఒక శుక్రవారం తనిఖీకి పెద్ద ఆఫీసరు వస్తున్నారని కబురందింది. బర్రెలూ వాగులూ పనికిరావు, ఘనంగా ఉండే ఊరి వార్త రాయమని పెద్దసారు పట్టుబట్టారు. ఘనమైన వార్త ఆ ఊళ్లో ఎక్కడ పుట్టాలి! బస్సు కోసం ఊరివాళ్లు ఏళ్లుగా అర్జీలు పెడుతూనే ఉన్నారు, ఎప్పటికైనా రాక తప్పదు కదా అనుకుని, వచ్చే సోమవారం నుంచి మన ఊరికి బస్సు అని బోర్డు మీద రాసేశాను. పిల్లలు దాన్ని ముక్తకంఠంతో చదివారు. ఆఫీసరు మురిసిపోయి, ఇక్కడ పిల్లలకు లోకజ్ఞానం చక్కగా నేర్పుతున్నారని తనిఖీ పుస్తకంలో రాసి, సంతకం పెట్టి వెళ్లారు. సాయంత్రానికి బస్సు మాట ప్రతి ఇంటికీ చేరింది.

నాకు భయం పట్టుకుంది. మర్నాడు పిల్లలకు నిజం చెప్పేద్దామంటే పెద్దసారు ఒప్పుకోలేదు. "ఆఫీసరు కితాబుల రాసిపోయిండు. గిప్పుడు అబద్ధమంటే ఇద్దరి నౌకర్లు పోతయ్, ఊకో," అన్నారు. ఊరుకున్నాను.

మూడో తరగతిలో ఒక పిల్ల ఉండేది, వార్తలంటే అందరికన్నా ముందుండేది. వరి కోస్తుంటే వాళ్ల నాయినమ్మకు ఆకు కొన కంట్లో గుచ్చుకుంది. ఆదివారం ఎవరిదో బండి లక్సెట్టిపేట పోతుంటే ఎక్కమన్నారట, తెల్లారితే బస్సే వస్తుంటే ఈ కుదుపులెందుకని ముసలమ్మ ఆగిపోయిందట. సోమవారం పొద్దున ఆ పిల్లే నాకీ సంగతి సంబరంగా చెప్పింది. కిటికీలోంచి చూస్తే, కంటికి తడిగుడ్డ అడ్డం పెట్టుకుని, సద్దిమూట పక్కన పెట్టుకుని, ఆమె బాట అంచున కూర్చుని ఉంది.

ఆ రోజు పిల్లలకు ఏం చెప్పానో నాకు తెలియదు. బోర్డు వైపు తిరిగితే నా వీపు మీద పిల్లల చూపులు, పిల్లల వైపు తిరిగితే కిటికీలో ఆమె. నిజం చెబితే మా బాపు మగ్గం గుంటలో నడుము వంచి నాకు చెప్పించిన చదువు గంగలో కలుస్తుంది. చెప్పకపోతే ఆమె కన్ను. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. మంగళవారం ప్రార్థనలో, బాట బాగాలేక బస్సు రెండు రోజులు ఆలస్యమవుతుందని ఇంకో వార్త చెప్పాను. అబద్ధానికి అబద్ధంతో అతుకు వేశాను. మధ్యాహ్నం ఆమె దగ్గరికి పోయి, ఏదైనా బండి చూసుకొమ్మని నీళ్లు నమిలాను.

"నువ్వే చెప్తివి గద బిడ్డా, రెండు దినాలకు అస్తదని. పిలగాండ్లకు అబద్ధం చెప్తవా? ఫికర్ చెయ్యకు," అని ఆమే నన్ను ఓదార్చింది.

బుధవారం ఆమె తల ఎత్తలేక, మనుమరాలి భుజం పట్టుకుని మళ్లీ బాట అంచుకు వచ్చింది. ఇక నా వల్ల కాలేదు. ప్రార్థనలో నిలబడి, బస్సు మాట నేనే కల్పించానని చెప్పేశాను. పెద్దసారు ముఖం తిప్పుకున్నారు. నేనే బండి అడిగి తెచ్చి లక్సెట్టిపేట చేర్చి, అక్కణ్ణుంచి మంచిర్యాల ఆసుపత్రికి తీసుకెళ్లాను. మూడు రోజుల కింద వస్తే బాగుండేదని డాక్టరు అన్నారు. ఆ కంట్లో తెల్లగా పువ్వు వేసింది, చూపు మళ్లీ రాలేదు. నా నౌకరీ మాత్రం పోలేదు, ఊళ్లో ఎవరూ నా మీద పై ఆఫీసుకు రాయలేదు. ముసలమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ ఊరికి తారు రోడ్డు ఉంది, బస్సు ఉంది. మన తరం సార్ చెబితే నిజం, రేడియో చెబితే నిజం అనుకుంటూ పెరిగింది. నేటి పిల్లలు పెద్దలు చెప్పిందేదీ నమ్మరనీ, కాలం చెడిపోయిందనీ నాతోటి రిటైర్డు పంతుళ్లు వాపోతుంటే నేను లేచి ఇంటిదారి పడతాను.

ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చిన మర్నాడు, రేడియోలో విన్న దేశ వార్తను పొల్లు పోకుండా ప్రార్థనలో చెప్పాను. ఆ మూడో తరగతి పిల్ల లేచి నిలబడి, "గిది నిజమేనా సార్?" అని మెల్లగా అడిగింది. ఆ బడిలో అంతకుముందు ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. నిజమేనమ్మా అన్నాను. ఆ పిల్ల కూర్చోలేదు.