మొగలిపొదల్లో నక్కల కాపురం

మొన్న అమలాపురంలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర, పక్క విస్తరి ముందు కూర్చున్న పెద్దమనిషి ఎవరినో తిడుతూ వాడిది నక్క బుద్ధి అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు, నాకు మాత్రం నోట్లో ముద్ద చేదయిపోయింది. మన ఈడువాళ్ళకైనా తెలియాలి కదా, నక్క బుద్ధి ఎలాంటిదో.

తొంభైల్లో నేను మామిడికుదురు దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చేనాటికి మా కొబ్బరితోట దాటితే వరిచేలు, చేల చివర మురుగుకాలువ గట్టున మొగలిపొదలు, ఆ పొదల్లో ఒక నక్కల జంట ఉండేది. దీపాలు పెట్టే వేళకు ఒకటి గొంతెత్తేది, ఎక్కడో చేలకవతల ఉన్న రెండోది బదులిచ్చేది, ఆపైన పిల్లలు సన్నటి గొంతులతో అందుకునేవి. దూరాన వేరే నక్కలు ఎంత కూసినా ఇవి పట్టించుకునేవి కావు, తమవాళ్ళ గొంతు వినపడితేనే పలికేవి. తల్లి పొద దగ్గర కాపలా ఉంటే తండ్రి తిరిగొచ్చి, తను తిన్నది కక్కి పిల్లలకు పెట్టేది. మా అత్తగారు ఆ కూతలు విని రాత్రి వంటకు ఎసరు పెట్టేవారు. నేను చంటిదాన్ని చంకనేసుకుని పెరటి గోడ దగ్గర నిలబడి చూసేదాన్ని.

రెండువేలు దాటాక మా చిన్నమామగారు ఆ చేలను రొయ్యల చెరువులు చేశారు. తవ్వకం మొదలుపెట్టిన పొద్దున ఆ ఆడనక్కే ఎదురైతే, నక్క తోక తొక్కానని ఊరంతా చెప్పుకుని మురిసిన మనిషి ఆయన. ఆ వేసవిలో గట్టు మీద పారబోయించిన చచ్చిన రొయ్యల కోసం నక్కలు వస్తే, చెరువు దోచేస్తున్నాయని కోడిమాంసంలో మందు కలిపి పెట్టించారు. తల్లి చచ్చింది. దాని తోక కోయించి, అదృష్టమట, చెరువు పాకకు కట్టించారు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మగది ఆ మాంసం ముట్టలేదు. రోజూ సాయంత్రం గట్టెక్కి పిలిచేది, ఆగి వినేది, మళ్ళీ పిలిచేది. ఆడనక్క కూత రోజూ విన్న చెరువు కాపలావాడు అచ్చు అలాగే కూయగలడని తెలిసి, ఉచ్చు పన్ని వాణ్ణి దాని వెనక కూర్చోబెట్టాలని చిన్నమామగారికి తోచింది. ఎన్నడూ పెద్దలకు ఎదురు చెప్పనిదాన్ని, ఆ రోజు అరుగు మీదకు వెళ్ళి అడ్డుపడ్డాను.

“మావయ్యగారూ, తల్లి లేని పిల్లలకి అదొక్కటే దిక్కండీ. వదిలేయండి.”

“నక్కలకి కాపరాలేంటమ్మా? లోపలికెళ్ళు.”

ఇంట్లో ఒక్కరూ నా తరఫున నోరు మెదపలేదు, మా ఆయనతో సహా. ఆ సాయంత్రం పాక వెనకనుంచి దొంగకూత వినపడగానే మగది పరుగున వచ్చింది. జిత్తులమారి అని మనం పేరు పెట్టిన ఆ జంతువు, పెళ్ళాం గొంతే అనుకుని నమ్మి వచ్చి ఉచ్చులో పడితే, జిత్తులేమీ తెలియని మనుషులు దాన్ని కర్రలతో కొట్టి చంపారు.

తరువాత కొన్ని సాయంత్రాలు పొదల్లోంచి పిల్లలు పిలిచాయి. నేను పాలు తీసుకెళ్ళి పెట్టినా ముట్టలేదు. ఇంటిల్లిపాదీ ఆ పిలుపులు వింటూనే అన్నాలు తిన్నారు. ఆపైన అవీ ఆగిపోయాయి.

ఇప్పుడక్కడ పొదలూ లేవు, చేలూ లేవు, పొద్దుగూకితే చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల రొద తప్ప మరో గొంతు లేదు. చిన్నమామగారు పోయి చాలా ఏళ్ళయింది. పోయినవారి మీద కోపం ఉంచుకోకూడదంటారు. నాకు ఉంది.