ఎడారి దాహమే అనుకున్నాం

ఒక ఆదివారం పొద్దున మా ఆయన మల్లేశం చొక్కా గుండీలు పెట్టుకుంటూ మధ్యలోనే మంచం మీద కూలబడ్డాడు. ఏమైందంటే, "ఏం లేదే, జెర దమ్ము వడ్తలేదు" అన్నాడు. ఏమీ లేనివాడు చొక్కా కూడా తొడుక్కోలేడా అని దెప్పాను గానీ, లోపల భయం మొదలైంది.

మాది జిన్నారం దగ్గర పల్లె. చుట్టూ ఫ్యాక్టరీలు వచ్చాక ఆయన వ్యవసాయం వదిలి ఓ మందుల ఫ్యాక్టరీలో చేరాడు. పౌడర్ దంచే మిల్లు దగ్గర పని. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి. ముక్కుకు కట్టుకునేది నా పాత చీర ముక్క. కంపెనీవాళ్లు ఇచ్చింది మాత్రం బెల్లం. షిఫ్టు దిగాక గేటు దగ్గర తలా ఒక ముద్ద. ఛాతీలో పట్టిన దుమ్మును బెల్లం దించేస్తుందని ఇక్కడ అందరి నమ్మకం. నేనూ ఇంట్లో ఓ డబ్బా నింపి పెట్టేదాన్ని.

హైదరాబాదులో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. ఎక్స్‌రే, సీటీ స్కాన్, గొట్టంలోకి ఊదించే పీఎఫ్‌టీ అన్నీ చేశారు. "లంగ్స్‌లో ఫైబ్రోసిస్ వచ్చింది, ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి. ఆ పని మానెయ్" అన్నాడు డాక్టరు. స్టెరాయిడ్ టాబ్లెట్లు రాస్తూ, "వీటితో షుగర్ పెరగొచ్చు, నెలకోసారి రక్త పరీక్ష చేయించుకో. తీపి బాగా తింటావా?" అని అడిగాడు.

"లేదు సార్. చాయ్‌ల చక్కెర గూడ ఏసుకోను."

అబద్ధం కాదు. ఆయన పెళ్లిళ్లలో మిఠాయి కూడా ముట్టడు. బెల్లం సంగతి ఆయనకూ గుర్తు రాలేదు, పక్కనే నిలబడ్డ నాకూ రాలేదు. మా లెక్కలో అది మందు.

పని మాన్పించాను. టాబ్లెట్లతో కాస్త తేరుకున్నాడు. అప్పుడే ఆయనతో పనిచేసిన రాజస్థాన్ మనిషి భవర్‌లాల్ సెలవు మీద ఊరెళ్తూ మమ్మల్నీ రమ్మన్నాడు. వాళ్లది జైసల్మేర్ దాటాక, ఎడారి నేషనల్ పార్కును ఆనుకున్న ఊరు. గాలి శుభ్రంగా ఉంటుంది, మన దగ్గర కనుమరుగైన బట్టమేక పిట్ట అక్కడ ఇంకా తిరుగుతుంది అన్నాడు. అంతే, మా ఆయన లేచి కూర్చున్నాడు. ఇప్పుడు ఫ్యాక్టరీలున్న మా ఊరి బీళ్లలో ఆ పిట్టను చూశానని ఈయన తాత చెప్పేవాడట.

"సచ్చేలోపల ఒక్కపారి సూడాలె" అన్నాడు.

"రక్త పరీక్ష జేయించుకోమన్నడు గద డాక్టరు?"

"అచ్చినంక జేయిద్దాం తియ్."

బట్టలతో పాటు బెల్లం కూడా కట్టాను. ఇసుక దుమ్ము కదా.

అక్కడ చూస్తే ఎటు చూసినా ఇసుక, ఎండిన గడ్డి, ముళ్ల పొదలు. మొదటి రోజు మాట్లాడుతూనే నడిచాడు, మధ్యలో ఆగలేదు. ఎన్నాళ్లకో అలా చూసి నాకు ఏడుపొచ్చింది. తర్వాత దాహం మొదలైంది. చెంబుల కొద్దీ తాగడం, మాటిమాటికీ పొదల చాటుకు పోవడం. "రేగిస్తాన్ హై భాభీ, ప్యాస్ తో లగేగీ" అని భవర్‌లాల్ నవ్వాడు. ఎడారిలో దాహం కాక మరేమవుతుందని నేనూ నవ్వాను. నోరెండినప్పుడల్లా మా ఆయన నీళ్లతో పాటు బెల్లం ముక్క కొరికేవాడు.

నాలుగో రోజు జీపులో పార్కు లోపలికి తీసుకెళ్లారు. ఎండెక్కాక గైడ్ జీపు ఆపి వేలు చూపించాడు. గడ్డిలో బట్టమేక. తెల్లని మెడ, నెత్తిన నల్లటోపీ, నా నడుమంత ఎత్తు.

"ఏడున్నదే?"

"గదే, నీ ముంగటనే!"

"అంత మసకమసకగుంది. నాకు కానొస్తలేదు." కళ్లు నులుముకున్నాడు. ఎండకు కళ్లు చెదిరాయన్నారు అందరూ. పిట్ట నింపాదిగా నడిచి గడ్డిలో కలిసిపోయింది. కాసేపటికే ఆయన వాంతులు చేసుకుని నా ఒళ్లోకి ఒరిగిపోయాడు.

ఆ దారి ఎంతకీ తెగలేదు. భవర్‌లాల్ వాళ్ల ఊళ్లో సెలైన్ పెట్టి అంబులెన్సులో జోధ్‌పూర్ పంపారు. వేలికి సూది గుచ్చి చూస్తే మెషిన్‌లో అంకె కూడా రాలేదు. "అంకెకు అందనంత షుగర్. కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయి" అని ఐసీయూ డాక్టరు హిందీలో చెప్పాడు. మా సంచి సర్దుతున్న నర్సుకు బెల్లం కనబడి, ఎవరు తింటారని అడిగింది. "దవా హై", మందు అన్నాను. ఆమె ఆ బెల్లం మూట తీసుకెళ్లి డాక్టరుకు చూపించింది. అప్పుడు అర్థమైంది నాకు.

ప్రాణంతో తెచ్చుకున్నాను, అంతే. "స్టెరాయిడ్ ఇస్తే షుగర్ ఆగట్లేదు, తగ్గిస్తే ఊపిరి అందట్లేదు" అన్నాడు హైదరాబాదు డాక్టరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇప్పుడు మంచం, ఆక్సిజన్ మెషిన్, నేను పొడిచే ఇన్సులిన్. కరెంటు పోతే సిలిండర్ దగ్గరికి పరుగు. గడప దాకా నడిస్తే ఆ రోజుకు అదే యాత్ర. నయమవుతుందా అని అడగడం నేను మానేశాను.

చదివేవాళ్లకు ఒక్కటే చెప్తాను. డాక్టరు ఏం తింటావని అడిగితే, మీరు మందనుకుని తినేది ముందు చెప్పండి. బెల్లమైనా సరే, కషాయమైనా సరే.

సాయంత్రాలు ఆయన నన్ను ఎదురుగా నిలబెట్టి బట్టమేక గురించి అడుగుతాడు. నడుము దగ్గర చెయ్యి పెట్టి ఎత్తు చూపిస్తాను, నడక చూపిస్తాను. మొన్న అంతా విని చాలాసేపు ఆయాసపడి, "నాకైతే కానరాలే. అదన్న నన్ను సూసిందా?" అన్నాడు.

"సూసింది. నీ దిక్కే సూసింది" అన్నాను.