బెల్టు పళ్ల లెక్క

తాళం తిప్పితే కదులుతుందన్నది తప్ప కారు గురించి నాకు ఏమీ తెలియదు. అలాంటివాణ్ణి ఇంజిన్ విప్పుకుని కూర్చున్నానంటే అది ధైర్యం కాదు. వట్టి భయం.

అప్పట్లో మేము దేశం కాని దేశంలో, బెడోక్ అనే పేటలో ఒక తొమ్మిదో అంతస్తు ఫ్లాట్‌లో అద్దెకుండేవాళ్లం. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పిపోతాయని లోకమంతా గాభరా పడుతున్న రోజులు. నేను తంజోంగ్ పగార్‌లో ఒక ఆఫీసులో కూర్చుని పాత ప్రోగ్రాములకు మరమ్మతులు చేసేవాణ్ణి. నేను వెళ్లేది ట్రైన్‌లో. కారు మా ఆవిడది. పొద్దున్నే పాపను బిషాన్‌లో స్కూల్లో దింపి, ఆ దగ్గర్లోనే ఉన్న తన ల్యాబుకు వెళ్లేది. దారంతా ఎక్స్‌ప్రెస్‌వే, వెనకంతా లారీలు.

ఒక శుక్రవారం ఆఫీసులో ఒకాయన తన కారు టైమింగ్ బెల్టు తెగిన సంగతి చెప్పాడు. ఇంజిన్ లోపల పై చక్రాన్నీ కింది చక్రాన్నీ కలిపి తిప్పే పళ్ల రబ్బరు పట్టీ అది. తెగితే వాల్వులు వెళ్లి పిస్టన్లకు కొట్టుకుంటాయి, బండి నడిరోడ్డు మీద ఉన్నపళంగా ఆగిపోతుంది. "వెనక లారీవాడు సమయానికి బ్రేకు వేశాడు కాబట్టి ఈ కాఫీ తాగుతున్నా" అని ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మాది పాత బండి. ఆ బెల్టు ఎప్పుడు మార్చారో ఏ కాగితంలోనూ లేదు.

గ్యారేజీకి ఫోన్ చేస్తే పది రోజుల తర్వాత తీసుకురమ్మన్నారు. పది రోజులు బస్సులో వెళ్లమని మా ఆవిడకు ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. బండి కొనేముందే, ఎవరైనా మెకానిక్‌కి చూపిద్దామని ఆమె అంది. చూపించానని అబద్ధం చెప్పాను. ఇప్పుడు నోరు విప్పితే ఆ అబద్ధం బయటపడుతుంది. అందుకని, మామూలు సర్వీసింగే, ఇంజిన్ పని నేనే చూసుకుంటానని ఇంట్లో పెద్ద మగాడిలా ప్రకటించాను.

పై అంతస్తులో ఒక అంకుల్ ఉండేవారు. వాళ్ల తాతగారు విశాఖపట్నం వైపు నుంచి ఓడలో వచ్చారట. అంకుల్ ఇక్కడే పుట్టి, టాక్సీల గ్యారేజీలో జీవితమంతా పనిచేసి రిటైరయ్యారు. సంగతి చెప్పగానే, "బెల్టు మార్చడం ఏటి పెద్ద పని తంబీ? బోలే లా! పెలన్ పెలన్ చేసేద్దాం" అన్నారు. అక్కడి భాషలో, చేయగలం, మెల్లమెల్లగా చేద్దాం అని. 'లా' అన్నది అక్కడ ప్రతి మాటకూ తగిలించే తోక. నాకు కొండంత బలం వచ్చింది. ఆయనకు ఒక కంట్లో శుక్లం ఉందనీ, చెవులు గ్యారేజీ మోతకు మొద్దుబారాయనీ తెలిసి కూడా వచ్చింది.

ఆదివారం పొద్దున మా బ్లాకు పక్కన కార్‌పార్కులో, మూడో అంతస్తు మూలలో పని మొదలుపెట్టాం. అక్కడ బండ్లు విప్పకూడదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించినప్పుడల్లా జరిమానా రాసే మనిషేనని నా గుండె ఝల్లుమనేది. ఉన్న సామాను ఒక జాకీ, ఒక స్పానర్ల పెట్టె, ఆఫీసు నుంచి తెచ్చిన తెల్ల కరెక్షన్ ఫ్లూయిడ్ సీసా. అంకుల్ పాత బెల్టు మీద పై చక్రం దగ్గర ఒక పంటికీ కింది చక్రం దగ్గర ఒక పంటికీ తెల్లచుక్క పెట్టించారు. ఎదురుగా చక్రాల మీద కూడా పెట్టించారు. "పాతదాని మీద చుక్కకీ చుక్కకీ మధ్య ఎన్ని పళ్లో లెక్కెట్టి, కొత్తదానికి అలాగే దింపేస్తే అయిపోయింది. పుస్తకం దేనికి?" అన్నారు.

బెల్టు జారగానే పై చక్రం తనంతట తనే ఠక్కుమని తిరిగింది. నా చెయ్యి వెనక్కి వచ్చేసింది. "ఫర్వాలే, స్ప్రింగు తోసింది, అంతే" అన్నారు అంకుల్. కానీ ఆ చక్రం అంతకుముందు ఎక్కడ ఉందో చెప్పే గుర్తు ఇంజిన్ మీద ఎక్కడా పెట్టలేదు. ఇక ఆ పళ్ల లెక్కే మాకు దిక్కు.

ఆయన కళ్లతో కాక వేళ్లతో లెక్కపెట్టారు. మొదటి చుక్క ఉన్న పన్ను తడిమి, "లాభం" అన్నారు. తర్వాత పెదవులు కదిలాయిగాని మాట వినిపించలేదు. రెండో చుక్క దగ్గర ఆగి, "నలభై రెండు" అన్నారు. నేను కొత్త బెల్టు తీసుకుని ఒక పంటికి చుక్క పెట్టి, దాని పక్క పన్ను నుంచి ఒకటి, రెండు అంటూ నలభై రెండు లెక్కపెట్టి ఇంకో చుక్క పెట్టాను. మా వృత్తిలో మొదటిది సున్నా. పొద్దస్తమానం అలాగే లెక్కపెట్టేవాడికి ఇంకోలా తోచదు.

కొత్తది ఎక్కించి, స్పానరుతో చేత్తోనే రెండు చుట్లు తిప్పాం. ఏదీ తగల్లేదు. పాత బెల్టును అంకుల్ చెత్తను కిందికి జారవిడిచే గొట్టంలో వేసేశారు. ఇంజిన్ మోగింది. ఆయన తల వంచి విని, "ఓకే లా" అని భోజనానికి వెళ్లిపోయారు.

పాపను పక్కన కూర్చోబెట్టుకుని కార్‌పార్కులోనే ఒక చుట్టు తిప్పాను. స్టీరింగు అరచేతిలో సన్నగా వణుకుతోంది. నా చేతులే వణుకుతున్నాయని సర్దిచెప్పుకున్నాను.

"నాన్నా, కార్ షివరింగ్ లా" అంది పాప. దానికి అప్పుడు ఆరేళ్లు.

"కొత్త బెల్టు కదా, అలాగే ఉంటుంది. అమ్మతో మాత్రం చెప్పకు. చెప్పావంటే నాకు కోపం వస్తుంది" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్లు మండుతుంది, నా మీద నాకే.

సోమవారం పొద్దున మా ఆవిడ తాళాలు తీసుకుంది. ఆపాలనుకున్నాను. "జాగ్రత్త" అని మాత్రం అన్నాను. వాళ్లు వెళ్లాక కాఫీ తాగుదామని కిందికి దిగాను. అక్కడ అంకుల్ మనవలకోసం కర్రీ పఫ్‌లు కట్టిస్తున్నారు. దుకాణం ఆవిడ ఒక్కోటి సంచిలో వేస్తుంటే ఈయన వేలితో చూపిస్తూ పైకి లెక్కపెడుతున్నారు. మొదటి పఫ్ పడగానే "లాభం" అన్నారు. రెండోది పడగానే "రెండు" అన్నారు. "మూడు" అన్నారు.

నేను కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

"అంకుల్, లాభం అంటే ఒకటా?"

"మరేటి? మొదటిదాన్ని ఒకటి అనకూడదు, లాభం అనాల. మా తాత వడ్లు కొలిచినప్పట్నించీ అంతే."

అంటే ఆ చుక్క ఉన్న పన్నే ఆయనకు ఒకటి. నాకు అది సున్నా. కొత్త బెల్టు ఒక పన్ను తేడాగా ఎక్కింది. ఆ ఇంజిన్‌ను నమ్ముకుని నా భార్యా బిడ్డా లారీల ముందు పోతున్నారు.

లిఫ్టు కోసం ఆగలేదు. తొమ్మిది అంతస్తులూ మెట్లెక్కి ఇంటి ఫోన్ నుంచి ఆమె సెల్‌కి కొట్టాను. మోగింది, ఎత్తలేదు. నడిపేటప్పుడు ఫోన్ ఎత్తొద్దని రూలు పెట్టింది నేనే. మళ్లీ కొట్టాను. నాలుగోసారి అంకెలు తప్పు నొక్కాను. దేవుడికి మొక్కుకోవడం కూడా రాలేదు. రిసీవరు పెట్టేసి ఫోన్ పక్కనే నిలబడ్డాను.

కాసేపటికి ఫోన్ దానంతటదే మోగింది.

"ఏవండీ, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి లాగడం మానేసిందండీ. ఊగిపోయింది. ఎలాగో పక్కకు తీశాను. వెనకాల లారీ..." అంటూ ఆగిపోయింది. తర్వాత, ఇద్దరమూ బాగానే ఉన్నామంది.

టాక్సీలో వెళ్లాను. రోడ్డు పక్క రెయిలింగు అవతల గడ్డిలో ఇద్దరూ నిలబడి ఉన్నారు. నేను దిగగానే పాప పరుగెత్తుకుని రాలేదు. వాళ్లమ్మ చాటుకు జరిగి నా మొహం చూసింది. నాకు కోపం వచ్చిందేమోనని చూస్తోంది.

"నాన్నా, ఐ నెవర్ టెల్ అమ్మ" అంది. "సో లౌడ్ షేకింగ్, స్టిల్ ఐ నెవర్ టెల్."

మా ఆవిడ దాని వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. పక్కనుంచి లారీలు పోతుంటే నేల అదురుతోంది. బండి ఊగుతున్నంతసేపూ నా బిడ్డ లారీకి కాదు, నాకు భయపడింది.

అక్కడే అన్నీ చెప్పేశాను. మెకానిక్‌కి చూపించకపోవడం, నిన్నటి వణుకు, పాప నోరు మూయించడం. లెక్క తప్పడం గురించి చెప్పబోతుంటే ఆమె చేత్తో ఆపింది. పాపను ఎత్తుకుని నేను వచ్చిన టాక్సీలోనే ఎక్కి తలుపు వేసుకుంది. ముందు సీటు ఖాళీగానే ఉంది. రమ్మని నన్ను పిలవలేదు, ఎక్కుతానని నేనూ అడగలేదు.