నీళ్ళలో పడని రొట్టెముక్క

మా ఊళ్ళో సముద్రాన్ని చూసిన మనిషి మా నాయనమ్మ ఒక్కతే. ధారూర్‌లో రైలెక్కి, అన్నదమ్ములతో రామేశ్వరం పోయి వచ్చిందట. గుడి గురించి ఒక్కసారి చెబితే, అక్కడి తెల్లపిట్టల గురించి వందసార్లు చెప్పేది. రొట్టెముక్క పైకి విసిరితే కింద పడనివ్వవట, గాలిలోనే అందుకుంటాయట.

"సముద్రం దాక యాడ పోయినవే అవ్వా, గీ పక్కకున్న వాడి జంక్షన్లనే దిగి మర్లొచ్చినవ్" అని మా నాయన ఆటపట్టించేవాడు. ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఆమె మూతి ముడుచుకొని "నా కండ్లతోని సూసిన" అనేది. ఆ కళ్ళకే తర్వాత పొర కమ్మింది. వెలుగూ చీకటీ తప్ప తెలిసేది కాదు.

రజాకార్ల భయం పోయిన నాలుగైదేళ్ళకు, ఒక చలికాలం పొద్దున బట్టలు ఉతకడానికి చెరువుకు పోయాను. ఏటా వచ్చే బాతుల మధ్య ఐదారు కొత్త పిట్టలు. ఒళ్ళు తెలుపు, ముక్కు ఎరుపు, రెక్కల కొసలు నలుపు. బట్టలు బండమీదే వదిలేసి ఇంటికి ఉరికి నాయనమ్మకు చెప్పాను.

"గవే బిడ్డా! నా రామేశ్వరం పిట్టలు. పా, జర రొట్టె పట్టుకో" అని నాయనమ్మ కట్టె అందుకుంది. చేనుకు బయల్దేరిన నాయన కూడా, తమాషా చూద్దామని, సద్దిమూటతో వెంట వచ్చాడు.

చెరువుకట్టమీద నిలబడి ఆమె జొన్నరొట్టె ముక్క విసిరింది. టప్పుమని నీళ్ళలో పడింది. ఇంకోటి. మళ్ళీ టప్పు. పిట్టలు తిరిగి కూడా చూడలేదు.

"సముద్రం పిట్టలకు జొన్నరొట్టె పడ్తదానె?" నాయన నవ్వాడు.

నాకు ఏడుపొచ్చింది. పిట్ట పట్టుకుందని అబద్ధం చెబుదామనుకున్నాను. కానీ చప్పుడు వింటున్న మనిషికి ఏమని చెప్పను?

చివరి ముక్క విసిరింది. ఒక పిట్ట అడ్డంగా దూసుకొచ్చి గాలిలోనే ముక్కున కరుచుకుపోయింది. నాయనమ్మ చెవి ఒగ్గి అట్లాగే నిలబడింది.

"సప్పుడు కాలే" అంది. "కాలే గదరా?"

"కాలేదవ్వా" అన్నాడు నాయన, మెల్లగా. నవ్విన నాపచేనే పండుతుందంటారు. సద్దిమూట విప్పి తన రొట్టెలన్నీ ఆమె చేతిలో పెట్టాడు. "ఇంగ ఏయే అవ్వా." ఆ రోజు మధ్యాహ్నం ఆయన పస్తే.

నాయనమ్మ పోయిన చాలా ఏళ్ళకు నేనూ సముద్రం చూశాను. కళ్ళు మూసుకొని రొట్టెముక్క విసిరాను. అలల హోరులో అది పడ్డదో లేదో వినపడనే లేదు. పాడు సముద్రం. మా చెరువే నయం.